లేత్ దగ్గరే తేలే ఇన్నోవేషన్

కంప్యూటర్ మీద డ్రాయింగ్ గీసేటప్పుడు లోపలి మూలను నిక్కచ్చిగా 90 డిగ్రీలకు గీయడం ఒక్క క్లిక్ పని. ఆ డ్రాయింగ్ వర్క్‌షాపుకు వెళ్లాక, మిల్లింగ్ మెషిన్ మీద ఉన్న మనిషి మొదట వేలు పెట్టి చూపించేది ఆ మూలనే. మిల్లింగ్ కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది. గుండ్రంగా తిరిగే పరికరం లోపలి మూలను పదునుగా తీయలేదు, ఎంతో కొంత వంపు వదిలేస్తుంది. డ్రాయింగ్‌లో ఆ వంపు ముందే చూపిస్తే పని మామూలుగా అయిపోతుంది. చూపించకపోతే ఆ ఒక్క మూల కోసం వస్తువును, విద్యుత్ మెరుపులతో లోహాన్ని కొద్దికొద్దిగా తీసేసే స్పార్క్ ఎరోజన్ మెషిన్ దాకా మోయాలి. ఖర్చు పెరుగుతుంది, డెలివరీ వెనక్కి జరుగుతుంది. తీరా చూస్తే చాలాసార్లు ఆ మూల అంత పదునుగా ఉండాల్సిన అవసరమే ఉండదు. గీసినవాళ్లకు తెలియక గీశారు, అంతే.

"ఇక్కడ కొంచెం రేడియస్ ఇవ్వండి సార్" అని, అంటే మూలకు వంపు పెట్టమని, చెప్పేది సాధారణంగా ఐటీఐలో రెండేళ్ల మెషినిస్ట్ ట్రేడ్ చేసి, షెడ్డులో నాలుగైదేళ్లు చేతులు నల్లబరుచుకున్న మనిషి. ఆ మాట ఏ పేటెంట్‌లోనూ కనిపించదు, ఏ స్టార్టప్ ప్రెజెంటేషన్‌లోనూ ఉండదు. కొత్త వస్తువు అనుకున్న ధరలో, అనుకున్న నెలలో బయటికి వస్తుందా లేదా అన్నది మాత్రం ఇలాంటి మాటలు ఎన్ని వినిపించాయి, ఎన్ని విన్నారు అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇన్నోవేషన్ విధానాలు రాసేటప్పుడు వృత్తి విద్యను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మొదలయ్యేది ఇక్కడే.

మన దేశంలో ఈ రెండింటికీ రెండు వేర్వేరు ఫైళ్లు ఉన్నాయి. ఇన్నోవేషన్ ఫైల్లో 2016లో మొదలైన స్టార్టప్ ఇండియా ఉంది, 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఉంది, ప్రైవేటు పరిశోధనకు ఊతమివ్వడానికి 2025లో ఆమోదించిన లక్ష కోట్ల నిధి ఉంది. నైపుణ్యాల ఫైల్లో 1961 నాటి అప్రెంటిస్ చట్టం, 2014లో విడిగా ఏర్పడిన కేంద్ర మంత్రిత్వ శాఖ, వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను మెరుగుపరచడానికి 2025 మేలో కేబినెట్ ఒప్పుకున్న 60 వేల కోట్ల పథకం ఉన్నాయి. మొదటి ఫైలు పేటెంట్లు, స్టార్టప్‌లు లెక్కపెడుతుంది. రెండోది ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని లెక్కపెడుతుంది. శిక్షణ పొందినవాళ్లు చేరిన షెడ్డులో పని తీరు ఏమైనా మారిందా అన్న కాలమ్ రెండింట్లోనూ లేదు.

అంతర్జాతీయ కొలబద్దలు కూడా ఇంతే. గ్లోబల్ ఇన్నోవేషన్ ఇండెక్స్‌లో 2015లో 81వ స్థానంలో ఉన్న భారత్ 2025 నాటికి 38కి చేరింది. ఆ ఇండెక్స్‌లోని దాదాపు 80 సూచికల్లో ఉన్నత విద్యలో చేరికలు, సైన్స్, ఇంజినీరింగ్ పట్టభద్రులు, పేరున్న యూనివర్సిటీల ర్యాంకులు కనిపిస్తాయి. పని నేర్పే సంగతి మాత్రం కంపెనీలు తమ సిబ్బందికి శిక్షణ ఇస్తున్నాయా అన్న చిన్న సూచిక దగ్గర ఆగిపోతుంది. కొలవనిదాని మీద ఏ ప్రభుత్వమైనా ఎందుకు ఖర్చు పెడుతుంది?

అసలు ఇన్నోవేషన్ అంటే ప్రపంచంలో ఎవరూ చేయనిది చేయడమనే అభిప్రాయం బాగా పాతుకుపోయింది. లెక్క తీస్తే కంపెనీల్లో జరిగే మార్పుల్లో అత్యధికం ఆ కోవలోకి రావు. ఎక్కడో పుట్టిన పద్ధతిని తెచ్చుకోవడం, మన కరెంటుకు, మన దుమ్ముకు, మన ముడిసరుకుకు సరిపడేలా సర్దుకోవడం, వాడుతుండగా తేలిన లోపాన్ని సరిచేయడం, ఇవే ఎక్కువ. ఈ రంగాన్ని చదివేవాళ్లు ఇన్నోవేషన్‌కు రెండు దారులున్నాయంటారు. ఒకటి ల్యాబ్ నుంచి, సైన్స్ నుంచి వచ్చేది. రెండోది చేస్తూ, వాడుతూ, వాడేవాళ్లతో మాట్లాడుతూ వచ్చేది. రెండు దారుల్లోనూ నడిచే కంపెనీలే ముందుంటాయని డెన్మార్క్ కంపెనీల మీద చేసిన అధ్యయనాలు తేల్చాయి. మొదటి దారికి పీహెచ్‌డీలు కావాలి. రెండో దారికి చేతిలో పని, నోట్లో మాట రెండూ ఉన్న టెక్నీషియన్ కావాలి.

బాలానగర్ మాట

ఈ రెండో దారి హైదరాబాద్‌లో కంటికి కనిపించే చోటు బాలానగర్. మందుల కంపెనీ ఐడీపీఎల్, విమాన రంగంలోని హెచ్‌ఏఎల్ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల పక్కన అక్కడ చిన్న చిన్న ఇంజినీరింగ్ యూనిట్లు పుట్టుకొచ్చాయి. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో కేంద్రం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను పెట్టింది అక్కడే. సీఐటీడీ అంటే బాలానగర్‌లో ఎవరైనా దారి చూపిస్తారు. టూల్, డై, మోల్డ్, అంటే వస్తువులకు ఆకారమిచ్చే పనిముట్లు, అచ్చులు చేయడంలో డిప్లొమాలు ఇవ్వడంతో పాటు బయటి కంపెనీలకు టూల్స్ డిజైన్ చేసి, తయారుచేసి ఇవ్వడం కూడా ఆ సంస్థ పనే. అక్కడి విద్యార్థి చేతిలో పడే డ్రాయింగ్ నిజంగా ఎవరో ఆర్డరిచ్చిందే అయ్యే అవకాశం ఉంటుంది. అది తప్పితే మార్కులతో పాటు మెటీరియల్ కూడా పోతుంది.

1970లో ఇదే బాలానగర్‌లో మొదలైన ఎంటార్ ఇవాళ ఇస్రో రాకెట్లకు వికాస్ ఇంజిన్లు తయారుచేసి ఇస్తోంది. హైదరాబాద్ ఫార్మా గురించి రాసేవాళ్లు ఐడీపీఎల్ నుంచి బయటికొచ్చిన కెమిస్టుల గురించి తప్పకుండా చెప్తారు. ప్రభుత్వ ఫ్యాక్టరీల టూల్‌రూముల్లో పని నేర్చుకుని, ఒక సెకండ్ హ్యాండ్ లేత్ కొనుక్కుని, రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్న టర్నర్ల గురించి, ఫిట్టర్ల గురించి చెప్పేవాళ్లు తక్కువ. కొలతలో మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) తేడా పట్టే ఆ చేతులు లేకపోతే రక్షణ, అంతరిక్ష రంగాల ఆర్డర్లు ఈ ఊరి దాకా వచ్చేవి కావు.

బాలానగర్‌తో ముడిపడిన ఇంకో కథ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేసిన చేనేత కుటుంబపు కుర్రాడు. పోచంపల్లి పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ పట్టు పోగును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్కో చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆయన మెషిన్ చేయడానికి కూర్చున్నాడు. ఏడేళ్ల పాటు భాగాలు కొనడం, బిగించడం, కుదరక విప్పడం, అప్పులు. చివరి చిక్కు మాత్రం వీడలేదు. 1999లో బాలానగర్‌లో పనిమీద ఉన్నప్పుడు అక్కడ ఒక మెషిన్ కదిలే తీరు కంటపడింది. తనకు కావాల్సిన కదలిక అదే. లక్ష్మి ఆసు యంత్రం అలా పూర్తయింది. గంటల తరబడి సాగే పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం మామూలే. ఇంకో వైపు నుంచి చూస్తే ఇది విధానంలోని లోటును చూపించే కథ. తిరిగే కదలికను అటూ ఇటూ ఆడే కదలికగా మార్చే ఉపాయాలు మెకానికల్ ట్రేడుల్లో పాఠాలే. క్యామ్‌లు, గేర్లు, లింకులు పెట్టి చూపించే బోర్డు, ఒక లేత్, అడిగితే చెప్పే ఇన్‌స్ట్రక్టర్ ఉన్న వర్క్‌షాపు ఆలేరు నుంచి సైకిల్ దూరంలో ఉండి, అందులోకి బయటివాళ్లను రానిచ్చి ఉంటే ఆ ఏడేళ్లు ఎంత తగ్గేవో ఊహించుకోవచ్చు. అదృష్టం కొద్దీ చూపు పడింది. అలా పడక మధ్యలో ఆగిపోయిన మల్లేశాలు ఎంతమందో ఎవరి లెక్కలోనూ లేదు.

జర్మనీ పుస్తకం మార్చే పద్ధతి

వృత్తి విద్య అనగానే జర్మనీ పేరు రావడం రివాజు. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో గడిచే అక్కడి ద్వంద్వ పద్ధతి గురించి మనవాళ్లు చాలాకాలంగా రాస్తూనే ఉన్నారు. ఇన్నోవేషన్ కోణంలో దానికంటే ఆసక్తికరమైనది సిలబస్ మారే తీరు. జర్మనీలో గుర్తింపు ఉన్న వృత్తులు దాదాపు 330. ప్రతి వృత్తికీ దేశమంతటికీ ఒకే శిక్షణ ప్రమాణం. దాన్ని రాసే బల్ల దగ్గర యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం ముగ్గురూ కూర్చుంటారు. 1969 చట్టం తర్వాత ఏర్పడిన సమాఖ్య వృత్తి శిక్షణ సంస్థ ఆ పనిని నడిపిస్తుంది.

ఫ్యాక్టరీల్లో మెకానికల్ పని, ఎలక్ట్రానిక్స్ కలిసిపోతున్నాయని గమనించి 1998లో మెకాట్రానిక్స్ పేరుతో మూడున్నరేళ్ల కొత్త వృత్తి పెట్టారు. కార్లలో కంప్యూటర్లు పెరిగేసరికి 2003లో మోటార్ మెకానిక్, మోటార్ ఎలక్ట్రీషియన్ వృత్తులను కలిపి ఆటోమొబైల్ మెకాట్రానిక్స్ చేశారు. 2018లో లోహ, విద్యుత్ వృత్తుల ప్రమాణాలు సవరించినప్పుడు డేటా భద్రత లాంటివి అందరికీ తప్పనిసరి అయ్యాయి, 3డీ ప్రింటింగ్ లాంటివి కావాలనుకున్నవాళ్లు తీసుకునే అదనపు అర్హతలయ్యాయి.

దీని ఫలితం కాస్త చుట్టు తిరిగి వస్తుంది. పది మందితో నడిచే వర్క్‌షాపు యజమానికి కొత్త టెక్నాలజీ మీద సరదా ఉండకపోవచ్చు. అప్రెంటిస్‌ను తీసుకోవాలంటే మాత్రం కొత్త ప్రమాణం ప్రకారం నేర్పాలి. తన దగ్గర లేనిది నేర్పడానికి ఆ కుర్రాణ్ని కంపెనీల సంఘాలు నడిపే ఉమ్మడి శిక్షణ కేంద్రానికి పంపుతాడు. వాడు అక్కడ చూసింది షెడ్డుకు వచ్చి చెప్తాడు. పెద్ద కంపెనీలో పుట్టిన పద్ధతి పదహారేళ్ల, పద్దెనిమిదేళ్ల పిల్లల జేబుల్లో చిన్న కంపెనీలకు చేరుతుంది. టెక్నాలజీని వ్యాపింపజేయడానికి ప్రభుత్వం వేరే సబ్సిడీ పెట్టక్కర్లేదు, సిలబస్సే ఆ పని చేస్తుంది. మన దగ్గర సిలబస్ మారినా, అది కంపెనీ లోపలికి వెళ్లే ఈ దారి మూసుకుపోయి ఉంది.

స్విట్జర్లాండ్‌ది ఇంకో మెట్టు. 2011 నుంచి ఇన్నోవేషన్ ఇండెక్స్‌లో మొదటి స్థానం వదలని ఆ దేశంలో పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది వృత్తి విద్య వైపే వెళ్తారు. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టి ఒకదాని వల్లే రెండోది అనేయడం తొందరపాటు. స్విస్ ఫార్మా కంపెనీలు, జ్యూరిక్ యూనివర్సిటీలు ఆ ర్యాంకులో పెద్ద భాగం. గమనించాల్సింది 1990లలో వాళ్లు చేసిన పని. వృత్తి విద్యార్థులు పైచదువుకు వెళ్లేందుకు 1994లో ప్రత్యేక పరీక్ష పెట్టారు. ఆ తర్వాత కొద్దికాలానికే అనువర్తిత శాస్త్రాల యూనివర్సిటీలు తెరిచారు. ఆ యూనివర్సిటీలకు పనికొచ్చే పరిశోధన చేయడం చట్టప్రకారం బాధ్యత, చిన్న, మధ్యతరహా కంపెనీలతో కలిసి ఆ పని చేస్తుంటాయి. టూల్‌రూములో మూడేళ్లు గడిపిన పిల్ల అక్కడ ఇంజినీరవుతుంది, టూల్‌రూమును మర్చిపోకుండా.

మన దగ్గరా మెట్లు ఉన్నాయి. ఐటీఐ చేసినవాళ్లు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. తేడా ఏమిటంటే, మన మెట్లు ఎక్కేకొద్దీ కింది అంతస్తు కనబడకుండా పోతుంది. ఈసెట్‌తో బీటెక్‌లో చేరిన డిప్లొమా విద్యార్థికి తన చేతిపనిని వాడుకునే ప్రత్యేక కోర్సు ఏదీ ఉండదు. ఇంటర్ నుంచి వచ్చినవాళ్ల పాఠాలు అందుకోవడంలోనే మొదటి సెమిస్టర్ గడిచిపోతుంది. కోర్సు చివరికి ఇద్దరూ ఒకే కోడింగ్ పరీక్ష రాసి ఒకే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్తారు. ఆ పిల్లల ఎంపికను తప్పుపట్టడానికి లేదు. జీతం ఎక్కడుంటే అటు పోతారు.

"మీవాడేం చేస్తున్నాడు" అని అడిగితే "ఐటీఐలో చేరాడు" అన్న జవాబు మన ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పేదే. దేశంలో దాదాపు 15 వేల ఐటీఐలున్నా ఏటా లక్షల సీట్లు నిండటం లేదు. 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవాళ్లు మన దగ్గర 5 శాతం లోపేనని, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని 12వ పంచవర్ష ప్రణాళిక అంచనాలను ఉటంకిస్తూ 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. అదే సమయంలో హైదరాబాద్‌లో జర్మనీ ఆస్‌బిల్డుంగ్ ప్రకటనలు జోరుగా నడుస్తున్నాయి. ఆస్‌బిల్డుంగ్ అంటే అక్కడి అప్రెంటిస్ శిక్షణే. ఇక్కడ ఫిట్టర్ ట్రేడ్ అంటే మొహం తిప్పుకునే ఇంట్లో కూడా, జర్మన్ భాష నేర్చుకుని వెళ్లి అక్కడ అదే పని నేర్చుకోవడం గౌరవమే. పనిలో చిన్నతనం లేదని మనకూ తెలుసన్నమాట, కాకపోతే వీసా స్టాంపు పడాలి.

ఇరుకు నైపుణ్యం ప్రమాదం

వృత్తి విద్య మీద గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వృత్తి శిక్షణ పొందినవాళ్లకు మొదటి ఉద్యోగం త్వరగా దొరుకుతుంది గానీ, నలభై, యాభై ఏళ్లు వచ్చేసరికి సాధారణ విద్య చదివినవాళ్లతో పోలిస్తే ఉద్యోగంలో నిలబడటం కష్టమవుతుందని పలు దేశాల గణాంకాల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. టెక్నాలజీ వేగంగా మారే చోట నేర్చుకున్న ఒక్క మెషిన్ పాతబడితే మనిషీ పాతబడతాడు. మూడు నెలల కోర్సులు, నలభై గంటల కోర్సులతో సర్టిఫికెట్లు పంచే మన నైపుణ్య కేంద్రాలకు ఈ అభ్యంతరం అందరికంటే ఎక్కువగా తగులుతుంది.

డ్రోన్ల సంగతి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద 15 వేల మహిళా స్వయం సహాయక సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, గరిష్ఠంగా 8 లక్షల దాకా ఇచ్చి డ్రోన్లు అందించాలని పెట్టుకుంది. ఎంపికైన సభ్యురాలికి 15 రోజుల శిక్షణ. అందులో 5 రోజులు పైలట్ శిక్షణ, 10 రోజులు పంటకు మందు కొట్టే పని. మొదలుపెట్టడానికి ఇది చాలు. అయితే వరి చేలో నాజిల్ పూడుకుపోయినప్పుడు, ఎండకు బ్యాటరీ ఉబ్బినప్పుడు, మోటార్ ఒకటి మొరాయించినప్పుడు సీజన్ ఆగదు. పురుగు రెండు రోజులు ఆగమంటే ఆగదు. డ్రోన్ పొలానికి పనికొచ్చే వస్తువుగా నిలబడాలంటే మండలానికి ఒకరైనా దాన్ని విప్పి బిగించగల మనిషి ఉండాలి. ఆ మనిషికి డ్రోన్ ఒక్కటే తెలిస్తే వచ్చే మోడల్‌కు పనికిరాడు. మోటార్లు, బ్యాటరీలు, కంట్రోలర్లు పనిచేసే సూత్రం తెలిస్తే తర్వాత వచ్చే ఏ మెషిన్‌నైనా పట్టుకుంటాడు. కాబట్టి ఆ అభ్యంతరానికి జవాబు కోర్సులను ఇంకా విడగొట్టడంలో లేదు. ట్రేడ్ వెడల్పుగా, పునాది లెక్కలు, సైన్స్ గట్టిగా ఉండాలి. జర్మనీ రెండు వృత్తులను కలిపి ఒకటి చేసింది అందుకే.

ఇప్పుడు తెలంగాణలో ఒక పెద్ద ప్రయత్నం నడుస్తోంది. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపనతో మొదలైంది. ఒప్పందం విలువ దాదాపు 2,324 కోట్లు, కాలం పదేళ్లు. అందులో పెద్ద వాటా కంపెనీదే. రోబోటిక్స్, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్లు), ఎలక్ట్రిక్ వాహనాలు లాంటి కోర్సులు వస్తున్నాయి. అదే ఏడాది ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బిల్లును అసెంబ్లీ ఆమోదించింది. కేంద్రం 60 వేల కోట్ల పథకంలో పెట్టే ఐదు జాతీయ నైపుణ్య కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌కు వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇవ్వడం కూడా ఆ కేంద్రాల పనుల్లో ఒకటి. వచ్చిన వార్తల్లో ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గది బహుశా ఇదే, పేపర్లలో తక్కువ చోటు దొరికిందీ దీనికే.

ఎందుకంటే మెషిన్లు కొనడం సులభం. టెండరు వేస్తే వస్తాయి, ప్రారంభోత్సవంలో రిబ్బన్ కడితే ఫొటో బాగుంటుంది. ఆ మెషిన్‌ను నిజంగా నడిపించి, పాడైతే ఎందుకు పాడైందో పిల్లలకు విప్పి చూపించే ఇన్‌స్ట్రక్టర్ దొరకడమే కష్టం. పదేళ్ల కింద ఫ్యాక్టరీ చూసిన మనిషి నేటి ఫ్యాక్టరీకి పిల్లల్ని తయారుచేయలేడు. ఇన్‌స్ట్రక్టర్ ఏటా నెలరోజులు పరిశ్రమలో పనిచేసి రావాలన్న నిబంధన, ఆ నెలకు జీతం, బదులు మనిషి ఏర్పాటు ఇవేవీ ఖరీదైనవి కావు. కొత్త రోబో కంటే చాలా చౌక.

హైదరాబాద్‌లోనే ఇంకో వింత ఉంది. 2015లో స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ వచ్చింది. 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరుచుకుంది. నమూనాలు తయారుచేసుకోవడానికి 78 వేల చదరపు అడుగుల్లో పెట్టిన కేంద్రం అది. సీఎన్‌సీ, లేజర్ కటింగ్, 3డీ ప్రింటింగ్, సర్క్యూట్ బోర్డులు, వెల్డింగ్ అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఇది ఐటీ శాఖ కింద పుట్టింది. ఐటీఐలు కార్మిక, ఉపాధి శాఖ కింద ఉన్నాయి. నమూనా చేయించుకునే స్టార్టప్ ఇంజినీరు, రేడియస్ అడిగే మెషినిస్ట్ రోజూ ఒకే బల్ల దగ్గర నిలబడాల్సిన చోటది. ఐటీఐ రెండో ఏడాది పిల్లలకు ఆరు నెలల పని అనుభవాన్ని అక్కడే పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, రెండు శాఖల సంతకాలు చాలు.

65 సెంటర్లకు ఇప్పుడు తలుపులున్నాయి, మెషిన్లు వస్తున్నాయి. సాయంత్రం ఐదు దాటాక ఆ మెషిన్లు ఏం చేస్తాయన్నది ఇంకా రాసుకోని పేజీ. తాళం వేసి ఉంచితే అవి శిక్షణ కేంద్రాలు మాత్రమే. ఊళ్లోని వెల్డింగ్ షాపతను, రైస్ మిల్లు మెకానిక్, నూలు వడికే కొత్త ఉపాయం తట్టిన నేతగాడు గంటకు ఇంత అని కట్టి ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడి పని చేసుకునే వీలుంటే, ట్రైనీలు ఆ పని చూస్తూ, చేయి కలుపుతూ నేర్చుకుంటే, అక్కడ రెండు ఫైళ్లూ ఒకటవుతాయి. ఏటా ఎంతమంది పాసయ్యారన్న లెక్కతో పాటు, బయటివాళ్లు ఎన్నిసార్లు పని పట్టుకొచ్చారు, ఏ మెషిన్ ఎన్ని గంటలు తిరిగింది అన్న రిజిస్టరు ఒకటి ప్రతి సెంటర్ గుమ్మం దగ్గర పెట్టొచ్చు. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్ సరిపోతుంది.